ఊపిరి ముందు... పాట వెనక!

"ఏమ్మా, మీరు చేసేది యోగానా? రికార్డింగు డాన్సా?"

ఎదురు మేడమీద వడియాలు పెట్టుకుంటున్న మామ్మగారు పిట్టగోడ మీదుగా ఆ ప్రశ్న వేసేసరికి, చాపలు చుట్టుకుంటున్న పద్దెనిమిది మందిమీ ఘొల్లున నవ్వేశాం. నవ్వేసి కిందికి దిగామే గానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పోపు వేస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

నిజమే కదా! చిన్నప్పుడు మా స్కూల్లో యోగా అంటే మాస్టారి గొంతు ఒక్కటే. "పీల్చు... వదులు..." అంతే. ఇప్పుడేమో ఏలూరులో మా అపార్ట్‌మెంటు డాబామీద పొద్దున్నే అయిదున్నరకి స్పీకరు మోగుతుంది. ఒక పాటకి చేతులు నెమ్మదిగా గాల్లో తిప్పుతాం. ఇంకో పాటకి సూర్య నమస్కారాలు. మరో పాటకి ఒంటికాలి మీద నిలబడతాం. చివరి పాటకి శవాసనం. పాట మారితే పని మారుతుంది. మా టీచరమ్మకి ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. పుట్టిల్లు తాడేపల్లిగూడెం, మెట్టినిల్లు ఏలూరు. మాలో నాలాంటి గృహిణులున్నారు, బ్యాంకులో రిటైరైన పిన్నిగారున్నారు, మిషను కుట్టే అక్క ఉంది, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సమ్మ ఉంది.

నేను చేరి ఏడాది దాటింది. ఈ ఏడాదిలో ఒకసారి మానేద్దామనుకున్నాను కూడా. ఆ కథ చెప్పేముందు, అసలీ కలగలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం.

ఎక్కడిదీ కలగలుపు?

పాట పెట్టుకుని గుంపుగా వ్యాయామం చేయడం అమెరికాలో ఆడవాళ్లే మొదలుపెట్టారు. 1969 ప్రాంతంలో జాకీ సోరెన్‌సెన్ 'ఏరోబిక్ డాన్స్' నేర్పడం మొదలుపెడితే, అదే రోజుల్లో జూడీ షెపర్డ్ మిస్సెట్ 'జాజర్‌సైజ్' తెచ్చింది. 1982లో సినిమా తార జేన్ ఫోండా వీడియో క్యాసెట్ వచ్చాక ఇళ్లల్లో టీవీల ముందు గంతులే గంతులు! న్యూజిలాండులోని ఆక్లండ్‌లో 1968లో లెస్ మిల్స్ అనే క్రీడాకారుడు ఒక వ్యాయామశాల పెట్టాడు. ఆ సంస్థే 1990ల చివర్లో యోగా, చైనావాళ్ల తాయ్ చీ, పిలాటిస్ మూడింటినీ కలిపి 'బాడీ బ్యాలెన్స్' అని తయారుచేసింది. ఒక్కో పనికి ఒక్కో పాట, ఆఖరున పడుకుని విశ్రాంతి. మా డాబా మీద జరిగేది కూడా ఇంచుమించు ఆ వరసే.

మరి యోగా వైపు నుంచి చూస్తే? మనం అనాదిగా ఇలాగే చేస్తున్నామనుకునే సూర్య నమస్కారాలకి ఇంత ప్రచారం తెచ్చింది మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానం రాజా భవన్‌రావ్ పంత్ ప్రతినిధి, 1920లలో. మైసూరు ప్యాలెస్‌లో 1930లలో తిరుమలై కృష్ణమాచార్యులు గారు ఆసనాన్నీ ఊపిరినీ జత చేసి ఒకదాని వెంట ఒకటిగా నేర్పేవారు. ఆయన దగ్గర నేర్చుకుంటానని ఇంద్రాదేవి అనే విదేశీ వనిత వస్తే మొదట ఒప్పుకోలేదు. ఆవిడ పట్టు వదల్లేదు, నేర్చుకుంది. 1947లో హాలీవుడ్‌లో యోగా స్టూడియో తెరిచింది. ఇప్పుడు మన చాపలన్నీ ఆడవాళ్లతోనే నిండుతున్నాయంటే ఆ పట్టుదల వాటా కొంత ఉంది మరి!

మన రాష్ట్రంలో 2025లో మే 21 నుంచి నెల రోజులు 'యోగాంధ్ర' జరిగింది. జూన్ 21న విశాఖ సముద్రతీరంలో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి ఆసనాలు వేశారు. టీవీలో అది చూసి "మనమూ చేద్దామే" అనుకున్నవాళ్లే మా క్లాసులో సగం మంది. నేనూ అందులో ఒకదాన్ని.

నడుం కటుక్కుమన్న రోజు

చేరిన మూడో నెల. ముసురు రోజు. హుషారు కోసమని టీచరమ్మ కొత్త సినిమా పాట పెట్టింది. కాళ్లు వాటంతటవే కదిలిపోయే పాట. దానికి సూర్య నమస్కారాలు. అలుపే తెలీలేదు. "ఇంకోటి, ఇంకోటి" అని మేమే అరిచాం. ఏడో నమస్కారంలో కిందికి వంగి పైకి లేవబోతే నడుంలో కటుక్కుమంది. అలా వంగినదాన్ని అలాగే ఉండిపోయాను.

నాలుగు రోజులు మంచం. ఆయన పిల్లలకి క్యారేజీలు కట్టారు (ఏం పెట్టారో ఇప్పటికీ అడగలేదు!). కండరం పట్టేసిందని చెప్పిన డాక్టరుగారు "అంత తొందరేమిటమ్మా, బస్సు వెళ్లిపోతోందా?" అన్నారు.

ఆ మాటకి మంచం మీద పడుకుని లెక్క వేశాను. ఆ పాటలో నిమిషానికి 130 దరువులుంటాయి. నాలుగు దరువులకి ఒక భంగిమ చొప్పున, పన్నెండు భంగిమల నమస్కారం పాతిక సెకన్లలోపే అయిపోతోంది. అంటే ఒక్కో భంగిమకి రెండు సెకన్లు కూడా లేవు. ఊపిరి తీసుకునేదెప్పుడు, వదిలేదెప్పుడు? పాట పరిగెడుతోంది, దాని వెనక నేను, నా వెనక ఎక్కడో నా ఊపిరి!

మరి అప్పుడు నొప్పి ఎందుకు తెలీలేదు? లండన్‌లోని బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో కోస్తాస్ కరాజార్జిస్ అనే ఆచార్యుడు ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ సంగతే. మరీ ఎక్కువ శ్రమ లేని వ్యాయామంలో పాట వింటుంటే పడుతున్న కష్టం తక్కువగా అనిపిస్తుంది. నడకకీ, సైకిలుకీ అది వరమే. ఇంకో కిలోమీటరు ఎక్కువ నడుస్తాం. కానీ యోగాలో మనం మర్చిపోకూడని వస్తువే ఒళ్లు! "ఇక్కడ లాగుతోంది, ఆగు" అని అది చెప్పే మాట పాట హోరులో వినపడకపోతే ఎలా?

అమ్మమ్మ దోనె

మంచం మీద ఉన్న ఆ రోజుల్లోనే అమ్మమ్మ గుర్తొచ్చింది. మా అమ్మమ్మగారిది కైకలూరు వైపు కొల్లేటి లంక. నాకు ఆరేడేళ్లప్పుడు సెలవులకి వెళితే, పశువుల మేతకి గడ్డి కోసుకురావడానికి నన్ను దోనెలో కూర్చోబెట్టుకుని వెళ్లేది. ఆవిడ వెనక నిలబడి గెడ వేసేది. గెడని బురదలో దించి, ఒళ్లంతా దాని మీదకి వాల్చి నెట్టేటప్పుడు 'హూ...' అని పొడుగ్గా ఊపిరి వదిలేది. గెడ పైకి లాగేటప్పుడు పీల్చుకునేది. ఆ రెండింటి మధ్యా ఒక పాట. పాట మాటలు నాకు ఒక్కటీ గుర్తులేవు. ఎక్కడ ఆగేదో మాత్రం గుర్తుంది. గెడ ఆగిన చోట పాట ఆగేది. ఎదురుగాలి వీచి నెట్టడం కష్టమైతే పాట కూడా నెమ్మదించేది.

ఒక్క దోనె పాటేమిటి! రోకలి పోటుకి దంపుళ్ల పాట, మడిలో నాట్లు వేస్తుంటే ఊడుపుల పాట, తిరగలి దగ్గర విసుర్రాయి పాట... మన ఆడవాళ్ల పని అంతా పాట మీదే నడిచింది. నేదునూరి గంగాధరం లాంటి పెద్దలు జానపదుల నోట విని సేకరించి పుస్తకాల్లోకి ఎక్కించారు గనక కొన్నయినా మిగిలాయి. ఆ పాటలన్నిటికీ తాళం వేసింది మనిషి ఒళ్లే. రోకలి ఎత్తగలిగినంత వేగంలోనే పాట. అంతకు మించి పరిగెత్తితే రోకలి కాలి మీద పడుతుంది మరి!

తర్వాత కొల్లేట్లో చేపల చెరువుల గట్లు లేచాయి. దోనె దారులు మూసుకుపోయాయి. మా లంకకి రోడ్డు పడింది. 1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాలోకెక్కింది. 2006లో గట్లు కొట్టేశారు. అప్పటికి అమ్మమ్మా లేదు, ఆవిడ దోనె ఇంటి వెనక బోర్లా పడి ఉంది.

అమ్మమ్మ ఎనభై ఏళ్లకి కూడా నిటారుగా నడిచింది. పెళ్లయి పట్నం వచ్చిన మా అమ్మ గ్యాసు పొయ్యి దగ్గర నిలబడి, టీవీ ముందు కూర్చుని, అరవై ఐదేళ్లకే వంగిపోయింది. రెండేళ్ల క్రితం బాత్‌రూములో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు వాకరు లేనిదే అడుగు పడదు. తిండి, కాన్పులు, ఎండ, వంశం... ఎన్నో కారణాలుంటాయి. ఇద్దరిని చూసి తేల్చేసే విషయం కాదనుకోండి. అయినా నలభై దగ్గరపడుతున్న నాకు నా నడుం వంక చూసుకుంటే భయం వెయ్యదూ? నేనెవరిలా అవుతాను... అమ్మమ్మలానా, అమ్మలానా?

ఆదితాళం ఆసనం

నడుం సర్దుకున్నాక మానేద్దామనుకున్న మాట నిజం. చెప్పడానికే వెళ్లాను. కానీ టీచరమ్మ మొహం చూశాక చెప్పలేకపోయాను. "అక్కా, తప్పు నాదే. పాటని చూసి కౌంటు ఇచ్చాను, మిమ్మల్ని చూసి ఇవ్వలేదు" అంది. ఇద్దరం కూర్చుని పాటలు ఏరాం. నాకు చిన్నప్పుడు నేర్చుకున్న నాలుగు సంగీతం పాఠాలు అక్కరకొచ్చాయి.

ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు కదా. లఘువు నాలుగుకీ ఊపిరి పీల్చడం, రెండు ద్రుతాలు కలిపి నాలుగుకీ వదలడం. నిమిషానికి 60 దరువులుండే నెమ్మదైన పాటయితే ఎనిమిది సెకన్లకొక ఊపిరి. అలవాటయ్యాక నాలుగు లెక్కలకి పీల్చి ఆరు లెక్కలకి వదలడం. అంటే పది సెకన్లకొకటి, నిమిషానికి ఆరు ఊపిర్లు. అదే సూర్య నమస్కారం ఇప్పుడు ముప్పావు నిమిషం పడుతోంది. చెమట తగ్గిందా? లేదు! ఆగి నిలబడితేనే తొడలు ఎక్కువ వణుకుతున్నాయి.

నిమిషానికి ఆరు అనే లెక్క మా సొంతం కాదు. ఇటలీలో లూచియానో బెర్నార్డి అనే డాక్టరుగారి బృందం 23 మంది మీద చేసిన పరిశీలన 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. లాటిన్‌లో మేరీమాత జపమాల చదివించినా, 'ఓం మణి పద్మే హుం' అని జపం చేయించినా ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి దిగిందట. గుండె లయ, రక్తపోటు లయ కూడా దానితో కలిసి నడిచాయట. ఏ మతమైనా, ఏ భాషైనా దీర్ఘంగా పలికే మాట ఊపిరిని సాగదీస్తుంది. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదలడం పొడుగవ్వాలంటారు.

ఒంటికాలి మీద నిలబడే పాటకి మా పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ (1969-2014) వాయిద్యం పెట్టుకున్నాం. చేతులు రెండూ బారచాపి నిలబడితే ఆటపాకలో గాలిమీద తేలే గూడబాతుల్ని చూసినట్టుంటుంది. మాలో సగం మంది రెండో నిమిషానికే నీళ్లలో దబ్బున దిగిపోతాం, అది వేరే సంగతి!

"మళ్లీ డబ్బులిచ్చి వంగడమేంటండి?"

ఒక ఆదివారం టీచరమ్మతో గూడెం వెళ్లాను. అక్కడ ఆవిడ ఇంకో క్లాసు చెబుతుంది. అయ్యాక బయట టీ కొట్టు దగ్గర నిలబడితే, ఉల్లిపాయల మార్కెట్లో పాయలు ఏరే పనికి వెళ్తున్న ఇద్దరు ఆడవాళ్లు మా చేతుల్లో చాపలు చూసి ఆగారు. విషయం చెప్పాం. అందులో పెద్దావిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. "మేం పొద్దస్తమానం వంగే ఉంటామండి. మళ్లీ డబ్బులిచ్చి వంగడమేంటండి?"

నాకు నోట మాట రాలేదు. టీచరమ్మే అంది, "నువ్వు వంగొద్దు పిన్నీ. పనిలో వంగింది చాలు. రెండు చేతులూ నడుం వెనక పెట్టి, ఊపిరి పీలుస్తూ నెమ్మదిగా వెనక్కి వాలు... ఇప్పుడు వదులుతూ ముందుకి రా." ఆవిడ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే మూడుసార్లు చేసింది. మూడోసారి "అమ్మయ్య!" అంది. "గంటకోసారి లేచి ఇది చేస్తే చాలు, చాప అక్కర్లేదు" అని చెప్పింది టీచరమ్మ.

పని చేసే ఒంటికి వ్యాయామం అక్కర్లేదనుకుంటాం. ఎప్పుడూ ఒకే వైపు వంగే ఒంటికి రెండోవైపు చూపించాలి. ఆవిడకి వెనక్కి వాలడం ఎంత అవసరమో, కూర్చుని కథలు రాసుకునే నాకూ అంతే అవసరం.

మీరూ చేరుతున్నారా?

చేరే ముందు ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకోండి.

* పాట వేగంగా ఉంటే పాటని వదిలెయ్యండి, ఊపిరిని కాదు. పక్కావిడ మూడు చేసేలోపు మీరు ఒక్కటే చేసినా నామోషీ లేదు. ఊపిరి మాత్రం బిగబట్టకండి.
* భోజనమయ్యాక మూడు గంటలైనా గడవాలి.
* అదుపులో లేని రక్తపోటు, కంట్లో నీటికాసులు ఉన్నవాళ్లు తల కిందికి వేలాడే ఆసనాలు వెయ్యకూడదు. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకి బాగా వంగడం, గట్టిగా మెలితిరగడం మానాలి. గర్భిణులూ, నడుం డిస్కు బాధ ఉన్నవాళ్లూ డాక్టర్ని అడిగాకే రావాలి.
* మోకాలు, మెడ, నడుం... వీటిలో పోటు వచ్చిందంటే పాట ఎంత బాగున్నా ఆగిపోవాలి.
* స్పీకరు మోత టీచరు మామూలు గొంతు వినపడేంతే ఉండాలి. చుట్టుపక్కల నిద్రపోయేవాళ్లూ, చదువుకునే పిల్లలూ ఉంటారు కదా!
* పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకి బలమిచ్చే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఒక్క క్లాసుతో సరిపోదు, నడక కూడా ఉండాలి.

స్పీకరు ఆగిన రోజు

తమ్ముడు ఊళ్లో లేడని కిందటి నెల అమ్మ మా ఇంటికి వచ్చింది. ఒక్కదాన్నీ ఇంట్లో వదల్లేక, లిఫ్టులో డాబా మీదకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. కూర్చునే చేతులు పైకెత్తడం, పాదాలు ఆడించడం టీచరమ్మ నేర్పింది. అమ్మ రెండు రోజులు చూసి, మూడో రోజు మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఒక పొద్దున్న, సగం క్లాసులో స్పీకరు టక్కున ఆగిపోయింది. ఛార్జింగు పెట్టడం మర్చిపోయిందట! టీచరమ్మ కంగారుపడుతుంటే బ్యాంకు పిన్నిగారు "కానివ్వమ్మా, మాకు లెక్క వచ్చేసిందిగా" అన్నారు. కానిచ్చాం. ఏడాదిగా పక్కపక్కన చేస్తున్నామా, ఆ రోజే మొదటిసారి పద్దెనిమిది మంది ఊపిరి వినిపించింది. ఒక్కసారి పీల్చడం, ఒక్కసారి వదలడం. కొల్లేటి గట్టుమీద గాలిలా.

ఆ బెర్నార్డి గారి బృందమే 2006లో ఇంకో సంగతి రాసింది. పాటల మధ్య రెండు నిమిషాల నిశ్శబ్దం పెడితే, పాట మొదలవ్వక ముందుకన్నా కూడా ఆ నిశ్శబ్దంలోనే ఒళ్లు ఎక్కువ సేదదీరిందట. పదిహేనో శతాబ్దం నాటి హఠయోగ ప్రదీపిక కూడా చివరి అధ్యాయంలో నాదం గురించే చెబుతుంది. అది బయట మోగే నాదం కాదు, లోపల వినాల్సింది. స్పీకరు ఆగేదాకా మాకు తెలిస్తేగా!

శవాసనంలో కళ్లు మూసుకుని ఉంటే వెనక కుర్చీ వైపు నుంచి సన్నగా కూనిరాగం. అమ్మ! ఆగే చోటు విని గుర్తుపట్టాను. అది అమ్మమ్మ గెడ ఆగే చోటు.

"ఆ పాట నీకు వచ్చా?" అన్నాను కిందికి వచ్చాక.

"రాకపోవడమేంటే, ఆ దోనెలో నేనూ కూర్చున్నాగా" అంది.

రెండు చరణాలు చెప్పింది, మూడోది గుర్తురావట్లేదంది. ఆ రెండూ పిల్లల పాత నోటుబుక్కులో రాసుకున్నాను. మూడోది రోజూ పొద్దున్నే కుర్చీలో కూర్చుని వెతుక్కుంటోంది.

ఇంతకీ మామ్మగారి ప్రశ్నకి జవాబు... రికార్డింగు డాన్సు మాత్రం కాదండీ. పూర్తిగా యోగా అనడానికీ నాకు ధైర్యం చాలట్లేదు. నిన్న పొద్దున్న చూస్తే ఆవిడ పిట్టగోడ అవతల నిలబడి, మాతోపాటే చేతులు పైకెత్తి నెమ్మదిగా దించుతున్నారు. ఏం చేస్తున్నారో ఆవిణ్ణే అడగాలి!